ఫంక్షన్‌లో మిగిలే భోజనం ఎవరికి, ఎలా ఇవ్వాలి?

ప్రశ్న: వచ్చే ఆదివారం మధ్యాహ్నం మా అమ్మాయి ఓణీల ఫంక్షన్. గుంటూరులో 300 మందికి వంట చెప్పాం. పోయినేడు మా తమ్ముడి గృహప్రవేశంలో గుండిగెడు అన్నం, సగం గుండిగ సాంబారు మిగిలిపోతే సాయంత్రం కాలవలో పోశారు. చూస్తూ నిలబడలేకపోయాను. 1098కి ఫోన్ చేస్తే వచ్చి తీసుకెళ్తారని వాట్సాప్‌లో చూశాను, నిజమేనా అండీ?

జవాబు: కాదండీ. 1098 ఆపదలో ఉన్న పిల్లల హెల్ప్‌లైన్. ఆ మెసేజ్ ఏళ్ళుగా తిరుగుతూనే ఉంది. మనం అన్నం కోసం ఆ లైన్ పట్టుకుంటే నిజంగా ఆపదలో ఉన్న పిల్లలకి అది దొరకదు. దయచేసి మీకు పంపినవాళ్ళకీ ఈ మాట చెప్పండి.

మా కాలనీ ఫంక్షన్లలో మిగిలినవి చేర్చే పని నేనే చూస్తాను. నాకు తెలిసింది ఒకటే: మిగిలాక వెతకడం మొదలుపెడితే అప్పటికే ఆలస్యమైపోతుంది. దగ్గర్లో ఉన్న వృద్ధాశ్రమానికో, హాస్టల్‌కో శుక్రవారమే ఫోన్ చేసి, ఆదివారం రాత్రి వంట ఆపగలరా, ఎంతమందికి కావాలి, ఎన్నింటికి తింటారు అని అడగండి. మిగిలిన భోజనం తీసుకెళ్ళి లేనివాళ్ళకి పంచే రాబిన్ హుడ్ ఆర్మీ 2014లో ఢిల్లీలో మొదలైంది; దాని వాలంటీర్లు చాలా నగరాల్లో ఉన్నారు, డబ్బు తీసుకోరు. మీ దగ్గర ఉన్నారేమో ముందే కనుక్కోండి.

వంట మేస్త్రీతో మాట్లాడటం ఇంకా ముఖ్యం. అన్నం మొత్తం ఒకేసారి వండొద్దనండి. రెండో బంతి లేచాక జనాన్ని చూసుకుని చివరి ఎసరు పెట్టమనండి. సగం మిగులు అక్కడే ఆగిపోతుంది. ఇవ్వాలనుకున్నది వడ్డించే గిన్నెల్లోంచి కాకుండా, గరిటె పడని గుండిగలోంచి తీయండి.

ఇంకొకరు: సాయంత్రం దాకా ఉన్నా బాగా వేడి చేసి ఇస్తే సరిపోదా అక్కా?

జవాబు: సరిపోదమ్మా. అన్నం గంటల తరబడి గోరువెచ్చగా ఉంటే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా పెరిగి విషం వదులుతుంది. ఆ విషం మళ్ళీ మరిగించినా పోదు, వాసన కూడా తెలియకపోవచ్చు. 60 డిగ్రీలకు పైన వేడిగానైనా ఉంచాలి, 5 డిగ్రీల లోపు చల్లగానైనా ఉంచాలి. బయట రెండు గంటలు దాటితే ఇవ్వకండి. పెద్దవాళ్ళూ పసిపిల్లలూ తినే చోట ఇంకా జాగ్రత్త. చల్లార్చాలంటే లోతు తక్కువ ఉన్న వెడల్పు పళ్ళేల్లో పరిచి ఫ్రిజ్‌లో పెట్టాలి. గుండిగలో అలాగే మూత పెట్టేస్తే మధ్యలో గంటలకొద్దీ వెచ్చగానే ఉంటుంది.

కొబ్బరి పచ్చడి, పెరుగన్నం మొదట పాడవుతాయి, అవి పంపొద్దు. బూరెలు, పులిహోర కొంచెం నయం. డబ్బా మీద వంటకం పేరు, వండిన టైము, జీడిపప్పు, వేరుశనగ లాంటివి ఉంటే ఆ సంగతి రాయండి. మిగులు ఆహారం పంపిణీకి ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2019లోనే నిబంధనలు తెచ్చింది.

అడిగినవారు, ఆదివారం రాత్రి: చాలా థ్యాంక్స్ అండీ. మేస్త్రీ చివరి ఎసరు పెట్టనే లేదు. రెండున్నరకే పులిహోర, పప్పు, బూరెలు వృద్ధాశ్రమానికి వేడివేడిగా చేరాయి. అక్కడి అమ్మగారు మూత తీసి, చేత్తో అన్నం మెతుకు నొక్కి చూసి, అప్పుడు తీసుకున్నారు. మళ్ళీ ఎప్పుడైనా ఇస్తే పప్పులో కారం తగ్గించమన్నారు.