అరెకా కొసలు ఎండుతున్నాయి, ఫాక్స్‌టెయిల్ కొత్త ఆకు పసుపుగా వస్తోంది. ఏం చేయాలి?

భీమవరం:
అందరికీ నమస్కారమండి. మా ఇల్లు ఊరి చివర, చుట్టూ రొయ్యల చెరువులే. వరండాలో ఆరు అరెకా పామ్ కుండీలున్నాయి. కడియం నుంచి తెచ్చినప్పుడు పచ్చగా ఉండేవి. ఇప్పుడు ఆకుల కొసలు గోధుమరంగుకు తిరిగి లోపలికి ఎండుకొస్తున్నాయి. గేటుకు అటూ ఇటూ రెండు ఫాక్స్‌టెయిల్ పామ్‌లు నేలలో వేశాం. వాటి పాత ఆకులు బాగానే ఉన్నాయి గానీ కొత్తగా వచ్చే ఆకు చిన్నగా, పాలిపోయిన పసుపులో వస్తోంది. ఒకాయన యూరియా వేయమన్నారు, ఇంకొకరు ఏదో మందు కొట్టమన్నారు. ఎండిన మట్టలన్నీ కొట్టేస్తే కొత్తవి తొందరగా వస్తాయంటారు మా వారు. ఏం చేయమంటారు?

కడియపులంక:
ముందు యూరియా, మందు, కత్తి మూడూ పక్కన పెట్టండి. కొన్ని సంగతులు చెప్పండి. కుండీలకు ఏ నీళ్ళు పోస్తున్నారు? కుండీ కింద పళ్ళెం ఉందా? ఫాక్స్‌టెయిల్ ఎంత లోతులో పెట్టారు, అక్కడ స్థలం మెరక చేసిందేనా? ఇంకా విచ్చుకోని మొవ్వు ఆకును మెల్లగా పైకి లాగి చూడండి. గట్టిగా ఉందా, ఊడి చేతిలోకి వస్తోందా?

భీమవరం:
మా బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయండి, అందుకని అవి పోయం. ఆర్వో మిషన్ నుంచి పక్కకు పోయే నీళ్ళు వృథా అవుతున్నాయని బకెట్‌లో పట్టి కుండీలకు పోస్తున్నాం. టైల్స్ పాడవకుండా కింద పళ్ళేలు పెట్టాం. స్థలం చెరువు మట్టితో మెరక చేయించిందే. గాలికి పడిపోకుండా అడుగు లోతు ఎక్కువ పెట్టి, మొదట్లో మట్టి ఎగదోశారు పనివాళ్ళు. మొవ్వు లాగి చూశాను, గట్టిగానే ఉంది, వాసన కూడా లేదు.

కడియపులంక:
మొవ్వు గట్టిగా ఉంది కాబట్టి టెన్షన్ వద్దు. మామిడి, జామ కొమ్మ నరికితే పక్క నుంచి చిగురేస్తాయి. తాటి, కొబ్బరి, ఈ పామ్‌లు అన్నీ ఒకే కుటుంబం, వీటికి ఒక్కో మానుకు ఒక్కటే మొవ్వు. అది కుళ్ళితే ఆ మాను పోయినట్టే. అందుకే పామ్‌లలో ఏ తేడా కనిపించినా మొదట చూడాల్సింది, అది పాత ఆకులోనా, కొత్త ఆకులోనా అన్నది. మీ కుండీలదీ నేలలో చెట్లదీ ఒకే జబ్బు కాదు.

అరెకా సంగతి ముందు. ఆర్వో నుంచి పక్కకు పోయేది మంచి నీళ్ళు కావండి. మిషన్ మంచి నీళ్ళు మీకిచ్చి, అందులోని ఉప్పంతా ఆ పక్క నీళ్ళలోకి తోస్తుంది. అంటే మీ బోరు నీళ్ళకన్నా ఇవే ఎక్కువ ఉప్పగా ఉంటాయి. పైగా పళ్ళెంలో దిగిన నీరు మళ్ళీ పైకి పీల్చుకుంటుంది, ఉప్పు మట్టిలోనే పేరుకుంటుంది. కుండీ అంచున తెల్లటి పొర కట్టి ఉంటుంది చూడండి. అరెకా మడగాస్కర్ చెట్టు, తేమ ఇష్టపడుతుంది గానీ ఉప్పుకు ఓర్చుకోదు. కొస నుంచి ఎండుకురావడం ఉప్పు దెబ్బ తిన్న వాటిలో మామూలే.

కుండీలను నీడలో ఇటుకల మీద పెట్టండి. మున్సిపాలిటీ నీళ్ళు గానీ వాన నీళ్ళు గానీ కింద కన్నం నుంచి ధారగా పోయేదాకా పోయండి. కాసేపాగి మళ్ళీ పోయండి. అలా మూడు నాలుగు సార్లు చేస్తే పేరుకున్న ఉప్పు చాలావరకు దిగిపోతుంది. ఆ పూటకు పళ్ళేలు తీసేయండి. తర్వాత పెట్టుకున్నా, నిలిచిన నీళ్ళు పారబోయండి. ఎండిన కొసలు తిరిగి పచ్చబడవు, కొత్త ఆకు శుభ్రంగా వస్తే గెలిచినట్టు. చూడటానికి బాగోలేదనిపిస్తే గోధుమరంగు భాగాన్ని మాత్రం, పచ్చదనం తగలకుండా, కత్తెరతో కత్తిరించండి.

కాకినాడ మేడ మీద:
మధ్యలో వస్తున్నాను. మా మేడ మీద అరెకాలకు ఎండాకాలం అంతా ఏసీ నుంచి కారే నీళ్ళే పోస్తాను. గాల్లోని తేమే కదా, ఉప్పుండదు. ఆకులు బాగానే ఉన్నాయి. అయితే ఆ నీళ్ళలో బలమూ ఉండదు, ఎరువు విడిగా ఇవ్వాలి. ఒక సందేహం: మా తాతగారు కొబ్బరి మొక్క నాటేటప్పుడు గోతిలో గళ్ళుప్పు వేసేవారు. అక్కడ మంచిదైనది ఇక్కడ చెడ్డదెలా అయింది?

అంబాజీపేట దగ్గర:
మంచి ప్రశ్న. కొబ్బరికి ఉప్పులో ఉండే క్లోరైడ్ నిజంగానే పనికొస్తుంది, సముద్రపు ఒడ్డు చెట్టు మరి. తాతగారి పద్ధతి తప్పు కాదు. అరెకా, రేపిస్ (కుండీల్లో పెంచే ఇంకో పామ్) లాంటి వాటికి ఆ ఓపిక లేదు. కుండీలో అయితే మరీ కష్టం, వేరు తప్పించుకుపోయే చోటు ఉండదు. ఇంకో మాట. పొటాష్ ఇవ్వాల్సి వస్తే ఉప్పు నీటి ఊళ్ళలో కుండీలకు ఎర్ర పొటాష్ వద్దు, అందులోనూ క్లోరైడే ఉంటుంది. సల్ఫేట్ రూపంలో వచ్చే తెల్ల పొటాష్ వాడండి, ఖరీదైనా సరే.

కడియపులంక:
అవునండి. ఇక ఫాక్స్‌టెయిల్. దీని సొంత ఊరు ఆస్ట్రేలియా ఉత్తరాన క్వీన్స్‌లాండ్‌లో కేప్ మెల్విల్ అనే చోటు. గ్రానైట్ బండల మధ్య నీరు నిలవని నేలలో పెరుగుతుంది. శాస్త్రవేత్తలు దీనికి పేరు పెట్టింది 1983లో. వోడియెటీ అని అక్కడి ఆదివాసీ పెద్దాయన పేరు మీద వోడియెటియా అన్నారు. అలాంటి చెట్టును మనం చెరువు బంకమట్టిలో అడుగు లోతు ఎక్కువ పాతిపెట్టాం. వేళ్ళకు గాలి ఆడకపోతే అవి ఇనుమును, మాంగనీసును తీసుకోలేవు. ఈ రెండూ పాత ఆకు నుంచి కొత్త ఆకుకు నడిచి వెళ్ళవు కాబట్టి ముందు కొత్త ఆకే పాలిపోతుంది. మీరు చెప్పిన లక్షణం అదే. నేలలో ఇనుము లేక కాదు, వేరు ఊపిరాడక.

మానుకు వేళ్ళు మొదలయ్యే చోటు నేల మట్టానికి ఉండాలి. ఎగదోసిన మట్టి తీసేయండి. నాటి ఎక్కువ కాలం కాలేదు కాబట్టి వేళ్ళ చుట్టూ ఉన్న మట్టి ముద్ద చెదరకుండా ఎత్తి, పైకి నాటడమే మంచిది. ఎత్తినప్పుడు అడుగున నల్ల కవరు అలాగే ఉండిపోయిందేమో కూడా చూడండి, చాలాచోట్ల అలా నాటేస్తారు.

బంకమట్టిలో గొయ్యి తవ్వి ఇసుక నింపకండి. చుట్టూ ఉన్న మట్టి నీరు పీల్చదు, ఆ గొయ్యి తొట్టిలా నీళ్ళు పట్టి కూర్చుంటుంది. నేల మీదే అడుగున్నర ఎత్తు, ఐదారు అడుగుల వెడల్పు దిబ్బ చేయండి. ఉన్న మట్టిలో బుసక (ఇసుక మట్టి), బాగా మాగిన పశువుల ఎరువు కలిపి దాని మీద నాటండి. గాలి భయం ఉంటే మూడు వైపులా వెదుళ్ళు పెట్టి, మానుకు గోనె చుట్టి దాని మీద తాడు కట్టండి. మానుకు మేకు కొట్టకండి. పామ్ మాను మీద పడిన గాయం మామిడికి మానినట్టు మానదు.

రాజోలు:
లోతుగా పాతితే గాలికి నిలబడుతుందన్న నమ్మకం మా వైపూ ఉంది. 1996 నవంబరు తుఫానులో కోనసీమలో పడిన కొబ్బరిచెట్లను చూసిన వాళ్ళకు ఆ భయం ఎందుకో తెలుసు. కానీ వేళ్ళు ఆరోగ్యంగా పక్కలకు పాకితేనే చెట్టు నిలబడేది. ఊపిరాడని వేరు ఏం పట్టుకుంటుంది?

భీమవరం:
అర్థమైందండి. మరి మట్టల సంగతి? పూర్తిగా పచ్చగా లేని వాటిని తీసేయవచ్చా?

అంబాజీపేట దగ్గర:
పూర్తిగా ఎండి వేలాడేవి తీయండి. సగం పసుపైన పాత ఆకులు ఉంచండి. పొటాషియం చాలనప్పుడు చెట్టు పాత ఆకులోంచి దాన్ని లాక్కుని మొవ్వుకు పంపుకుంటుంది. ఆ ఆకు కోసేస్తే తర్వాతి ఆకు మీద పడుతుంది. పొటాష్ లోపమైతే పాత ఆకుల మీద పసుపు, నారింజ చుక్కలు వచ్చి కొసలు ఎండుతాయి. ఆకు అంచులు పసుపై నడుమ పచ్చగా ఉంటే అది మెగ్నీషియం లోపం. ఒక్క పొటాషే గుప్పిస్తే మెగ్నీషియం లోపం పైకొస్తుంది, రెండూ కలిపే ఇవ్వాలి. ఫ్లోరిడాలో పామ్‌లకు 8-2-12-4 అనే ఎరువు సిఫారసు చేస్తారు. మొదటి మూడూ నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు, ఆ చివరి 4 మెగ్నీషియమే. వరికీ కూరగాయలకూ వాడే ఎరువు తెచ్చి పామ్‌లకు వేస్తే ఈ లెక్క తప్పుతుంది.

పచ్చి మట్ట కోయొద్దనడానికి ఇంకో కారణం పురుగు. కోసిన చోటి నుంచి వచ్చే వాసనకు ఎర్రముక్కు పురుగు చేరుతుంది. మానులోపల తొలుస్తుంది, బయటికి గోధుమరంగు రసం, పులిసిన వాసన వచ్చేసరికి చాలా ఆలస్యమై ఉంటుంది. కొమ్ము పురుగు వేరు. అది విచ్చుకోని ఆకును కొరుకుతుంది, ఆకు విచ్చాక కత్తెరతో కత్తిరించినట్టు కోతలు కనిపిస్తాయి. అది పుట్టేది పెంటకుప్పలో. చెట్టు పక్కనే పేడ కుప్ప పోసి పైన మందు కొట్టడం వల్ల ఉపయోగం లేదు. కుప్పను దూరంగా మార్చి, అప్పుడప్పుడు తిరగేసి, దొరికిన పురుగుల్ని ఏరేయండి. చిన్న చెట్లకు లోపలి మట్టల మొదళ్ళలో వేపపిండి, ఇసుక కలిపి వేస్తాం.

కాకినాడ మేడ మీద:
మా అరెకా ఆకుల అడుగున తెల్లగా చుట్టలు చుట్టినట్టు మైనం ఉంది, కింది ఆకుల మీద మసి పడుతోంది. ఇదేమిటి?

అంబాజీపేట దగ్గర:
సర్పిలాకార తెల్లదోమ. మన దేశంలో 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి వైపు కనిపించింది, ఇప్పుడు మన కొబ్బరితోటల్లోనూ ఉంది. అరటి, జామ మీదకీ వెళ్తుంది. దీనికి ఘాటైన మందులు కొట్టొద్దు. ఎన్‌కార్సియా అనే చిన్న పరాన్నజీవి దీన్ని బాగా అదుపు చేస్తుంది, మందు కొడితే ముందు అదే చస్తుంది. కుండీ మొక్కకైతే ఆకు అడుగున పైపుతో నీళ్ళు జోరుగా కొట్టండి. తర్వాత లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయండి. మసికి పల్చటి గంజి చల్లితే ఆరాక పొరలా లేచిపోతుంది. తోటలున్న వాళ్ళు అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో అడిగితే ఈ తెల్లదోమను చంపే ఐజేరియా అనే శిలీంధ్రం గురించి చెబుతారు.

తణుకు:
మా ఫిష్‌టెయిల్ పామ్ పైనుంచి గెలలు వేయడం మొదలెట్టింది. పూలు పూస్తే చచ్చిపోతుందని భయపెడుతున్నారు, నిజమా?

రాజోలు:
నిజమే. ఒంటి మానుదైతే అది జీలుగు చెట్టు, రంపచోడవరం ఏజెన్సీలో కల్లు తీసేది అదే. పై నుంచి కిందికి గెలలు వేసుకుంటూ కొన్నేళ్ళకు పోతుంది. పక్కన ఇంకోటి నాటుకోండి. గుంపుగా పెరిగే రకమైతే పూసిన మాను ఒక్కటే పోతుంది, పక్క పిలకలు ఉంటాయి. ఎటూ కాయలు వట్టి చేత్తో ముట్టుకోకండి, పిల్లల్నీ ముట్టనివ్వకండి, విపరీతమైన దురద.

భీమవరం:
చివరిగా ఒకటి. ఎడమ వైపు ఫాక్స్‌టెయిల్ మరీ నీరసంగా ఉంది. ఒకవేళ పోతే మా నేలకు, మా నీళ్ళకు ఏది వేయాలి?

రాజోలు:
ఉప్పు గాలి, ఉప్పు నీరు రెండూ ఉన్న మా ఊళ్ళో బాటిల్ పామ్ బాగా తట్టుకుంటోంది, మారిషస్ పక్కనున్న రౌండ్ ఐలాండ్‌ది. కాకపోతే నెమ్మదిగా పెరుగుతుంది. నీరు నిలిచే చోట రాయల్ పామ్ ఫరవాలేదు. కానీ దాని మట్ట పండి ఊడిపడితే కింద కారు అద్దం ఉండదు, గేటు దగ్గర వేయకండి. నా మాటకు విలువిస్తే మన ఈత చెట్టునే వేయమంటాను. ఉప్పూ, నీరూ, ఎండా అన్నీ చూసిన చెట్టు, అందమూ తక్కువేం కాదు. ముళ్ళుంటాయి కాబట్టి నడిచే దారికి కాస్త ఎడంగా.

కడియపులంక:
అది పోతుందని ఇప్పుడే అనుకోకండి. పైకి నాటాక వచ్చే రెండు మూడు ఆకులు చూసి నిర్ణయించండి. ఇప్పుడున్న పసుపు ఆకు బాగుపడుతుందని మాత్రం ఎదురుచూడకండి. కొత్తది కొనాల్సి వస్తే ఎండాకాలం కాలువలు కట్టేసిన రోజుల్లో నాటకండి, మీ దగ్గర మంచి నీళ్ళు దొరకవు. కాలువ వదిలి, వానలు పడ్డాక దిబ్బ మీద నాటండి. నర్సరీలో షేడ్‌నెట్ కింద పెరిగిన మొక్క అయితే తెచ్చిన రోజే ఎండలో పెట్టకండి, ఆకు మాడుతుంది. ముందు వరండాలో, తర్వాత పొద్దుటి ఎండలో, అలా అలవాటు చేయండి. ఆర్వో పక్క నీళ్ళు మాత్రం గచ్చు కడగడానికి వాడుకోండి, అవి మొక్కల మొదట్లోకి పారకుండా చూసుకోండి.