అప్‌డేట్: చాక్లెట్ అగార్‌పై హీమోఫిలస్ పెరిగింది

చాక్లెట్ అగార్ (వేడి చేసిన రక్తం కలిపి, బ్యాక్టీరియా పెంచడానికి వాడే గోధుమరంగు జెల్లీ) చూడ్డానికి బాగానే ఉన్నా హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే అనే బ్యాక్టీరియా అసలు పెరగట్లేదని, తప్పు నా దగ్గరున్న స్ట్రెయిన్‌దా (ఆ బ్యాక్టీరియా రకానిదా) మీడియాదా (ఆ జెల్లీదా) అని అడిగాను కదా. తప్పు నాదే.

మీలో ఒకరు చెప్పినట్టు, అదే ప్లేట్ మీద స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే మరో బ్యాక్టీరియాతో ఒక అడ్డగీత గీసి చూశాను. మర్నాటికి ఆ గీతను అంటిపెట్టుకుని మంచు బిందువుల్లాంటి చిన్న కాలనీలు, దూరంగా ఒక్కటీ లేదు. అంటే స్ట్రెయిన్ బతికే ఉంది, మీడియాలో హీమోఫిలస్ పెరగడానికి కావాల్సిన వి ఫ్యాక్టర్, అంటే ఎన్‌ఏడీ అనే పదార్థం, లేదు. స్టెఫిలోకాకస్ వదిలిన ఎన్‌ఏడీతోనే హీమోఫిలస్ బతుకుతోంది.

కారణం వెతికితే తేలింది: ఆటోక్లేవ్ (ఒత్తిడితో కూడిన ఆవిరితో క్రిములను చంపే పరికరం) నుంచి తీసిన బేస్‌లో, అంటే రక్తం ఇంకా కలపని అగార్‌లో, అది ఇంకా సలసలా కాగుతుండగానే రక్తం పోసేసి, ‘ఇంకాస్త రంగు రానీ’ అని అలాగే వేడి మీద ఉంచేశాను. హీమోఫిలస్‌కి రక్తం నుంచి కావాల్సిన మరో పదార్థం హీమిన్ వేడికి తట్టుకుంటుంది కానీ ఎన్‌ఏడీ తట్టుకోదు. రంగు మాత్రం చక్కగా వచ్చింది, అదే నన్ను ముంచింది.

ఈసారి థర్మామీటర్ పెట్టి, 80 డిగ్రీలకు దిగాక 5 శాతం రక్తం కలిపి, నురగ రాకుండా మెల్లగా తిప్పుతూ పది నిమిషాలు ఉంచాను. ప్లేట్లు మరీ ఆరనివ్వలేదు. కొవ్వొత్తి జార్‌లో (కార్బన్ డయాక్సైడ్ పెరిగేలా లోపల కొవ్వొత్తి వెలిగించి మూసేసే జాడీ) 35 డిగ్రీల దగ్గర పెడితే 24 గంటల్లో బూడిదరంగు కాలనీలు ప్లేటంతా వచ్చాయి.

పాత బ్యాచ్ మొత్తం పారేశాను. ఇకపై ప్రతి బ్యాచ్‌లో ఒక ప్లేట్ కంట్రోల్ స్ట్రెయిన్‌కే (మీడియా బాగుందో లేదో చూడ్డానికి వాడే, పెరుగుతుందని ముందే తెలిసిన స్ట్రెయిన్).