నిమ్మచెట్టు పురుగుకు గొంగడి ఏది?

నల్లగొండలో మా పెరట్లో ఒక నిమ్మచెట్టు ఉంది. మూడో తరగతి చదివే మా పాప నిన్న ఆకు మీది పురుగును చూపించి, "నాన్నా, గొంగళిపురుగు అంటరు కదా, మరి దీని గొంగడి ఏది?" అని అడిగింది. నిజమే. పచ్చటి నున్నటి పురుగు, ఒంటి మీద ఒక్క వెంట్రుక లేదు. పుల్లతో ముట్టుకుంటే తల వెనక నుంచి రెండు పాయల ఎర్ర కొమ్ము బయటికి తీసింది, ఘాటు వాసన. పాప దాన్ని నాలుక అనుకుని పరుగు. గొంగళి, గొంగడి ఒకటే మాట కదా? దీనికి ఆ పేరెందుకు? సీతాకోకచిలుక అయ్యే ముందు పురుగు కదలకుండా ఉండే దశ, ప్యూపాకు మన మాట ఏమన్నా ఉందా?

— ఒకటే అన్నా, కురుమలు నేసే గొంగడే. ఆముదం, పల్లి చేలల్లో పడే ఎర్ర గొంగళిపురుగును చూడు, ఒళ్లంతా బొచ్చు. బొంతపురుగు అనేవాళ్లూ ఉన్నారు, అదీ కప్పుకునేదే. తమాషా ఏంటంటే ఆ బొచ్చుది సీతాకోకచిలుక కాదు, దీపానికి వచ్చే రెక్కలపురుగు అవుతుంది. మా పాలమూరులో మా నాయన నున్నటిదాన్ని ఉత్త 'పురుగు' అనేటోడు.

— గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టుంది మీ చర్చ! పిల్లప్పుడు గొంగడి, పెద్దయ్యాక సీత కోక. ఇంత అందంగా కుదిరితే ఇంకేం కావాలి?

— సార్, అది నిమ్మ సీతాకోకచిలుక పిల్ల అయి ఉంటుంది. బత్తాయి, మారేడు, కరివేపాకు మీద కూడా పెరుగుతుంది. గుడ్డు 3-4 రోజుల్లో పగులుతుంది. పురుగు మొదట పిట్టరెట్టలాగే ఉంటుంది, పిట్టలు పట్టించుకోవు. నాలుగోసారి కుబుసం విడిచాకే ఆకుపచ్చ. పెద్దదాన్ని పోల్చుకోవడం తేలిక: నల్ల రెక్కల మీద లేత పసుపు మచ్చలు, వెనక రెక్క లోపలి మూలన ఎర్రమచ్చ, తోక ఉండదు.

ప్యూపాను పట్టుగూడు అని మాత్రం అనొద్దు. పాఠాల్లో అలా రాస్తుంటే నాకు చిరాకు. పట్టుపురుగు ఒళ్లంతా దారం అల్లుకుంటుంది, ఇది అల్లదు. తోక చివరను కొమ్మకు అతికించి, నడుముకు ఒకే దారం పోసుకుని, తల పైకి పెట్టి వెనక్కి వాలుతుంది. తాటిచెట్టు మీద మోకు వేసుకుని వాలిన గౌడన్నను చూసినట్టే. వేడిని బట్టి వారం, పది రోజులు అలాగే ఉంటుంది.

— అయితే ఆ దారాన్ని మోకు అందాం. కొత్త మాట పుట్టించే పని తప్పింది.

— అడిగినవాణ్నే. పొద్దున చూస్తే ఆకు మీద పురుగు లేదు, టెన్షన్ పడి వెతికాం. కింది కొమ్మకు వాలి ఉంది, నడుముకు సన్నటి దారం. పాపకు మోకు సంగతి చెప్పాను. కాసేపు చూసి, "మరి కల్లు లొట్టి ఏది?" అంది.