మా నాయినను ఏ సైన్స్ ప్రసంగానికి తీసుకెళ్లాలి? (హైదరాబాద్)

బోడుప్పల్ రవి (మే నెలాఖరు)

నమస్తే అందరికీ. పోస్టు కాస్త పెద్దది, ఓపిక చేసుకోండి.

మాది సూర్యాపేట దగ్గర పల్లె. రెండేళ్ల కింద అమ్మ పోయాక నాయినను ఇక్కడికి తీసుకొచ్చాను. వయసు డెబ్బై ఒకటి. చదువు ఏడో తరగతితో ఆగింది, ఆ తర్వాత అంతా వరి పొలమే. ఇక్కడ ఆయనకు పొద్దు పోదు. సీరియల్స్ చూడడు, గుడికి పోతే పది నిమిషాల్లో తిరిగొస్తాడు. రాత్రి మాత్రం అన్నం తినగానే టెర్రస్ ఎక్కి, వాటర్ ట్యాంకు పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఇక నాకు పరీక్ష మొదలు. “ఏం రా, ఈడ పిల్లలకోడి చుక్కలు కనపడవేంది?” “వెయ్యి ఫీట్లు బోరేసినా చుక్క నీళ్లు పడలే, మరి కింద ఏమున్నట్టు?” “చంద్రుని మీద మనోళ్లు దింపిన బండి ఇప్పుడేం చేస్తున్నది?” నేను బీకామ్. ఫోన్‌లో వెతికి చదివి చెప్తే, “అది నువ్వు చదివినవ్, నీకు తెల్వదు” అంటాడు. నిజమే కదా.

ఆ మధ్య ఒక పెద్ద సంస్థలో నక్షత్రాల మీద పబ్లిక్ లెక్చర్ ఉందని, “అందరికీ ఆహ్వానం” అని చూసి తీసుకెళ్లాను. గేటు దగ్గర క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఫారం నింపమన్నారు. అందులో ‘మీ సంస్థ పేరు’ అని ఒక గడి, అది నింపకపోతే ముందుకు పోదు. “వ్యవసాయం” అని కొట్టాను. లోపల గంటన్నర మొత్తం ఇంగ్లిషే. నాయిన ఒక్క మాట మాట్లాడకుండా బొమ్మలు చూశాడు. చివర్లో ప్రశ్నలుంటే అడగమన్నారు. ఆయన చెయ్యి సగం లేపి, మళ్లీ మోకాలి మీద పెట్టుకున్నాడు. బయటికొచ్చాక “ఏసీ మంచిగుంది” అన్నాడు. ఏం అడుగుదామనుకున్నాడో ఎంత అడిగినా చెప్పలేదు.

తెలుగులో చెప్పేవి, ఇలాంటి మనిషి కూర్చోగలిగేవి ఈ ఊళ్లో ఎక్కడైనా జరుగుతాయా? మోకాళ్ల నొప్పి ఉంది, మెట్లు తక్కువుంటే మేలు.

---

కిరణ్‌బాబు

యూట్యూబ్‌లో తెలుగులో బోలెడు ఉన్నాయి కదా బ్రో. టీవీకి కనెక్ట్ చేసి పెట్టండి. ట్రాఫిక్ టెన్షన్ ఉండదు, పార్కింగ్ గొడవ ఉండదు.

బోడుప్పల్ రవి

పెట్టాను బ్రో. మొదటి వీడియో బాగానే ఉంది. మూడోదానికి వచ్చేసరికి వచ్చే మంగళవారం భూమి అంతమైపోతోంది. పైగా ఆయన మధ్యలో ఆపి అడిగితే టీవీ జవాబు చెప్పదు.

---

రామంతాపూర్ టీచరమ్మ

రవీ, ముప్పై ఏళ్లు జిల్లా పరిషత్ బళ్లలో ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరయ్యాను. ప్రసంగాలు ఎక్కడికీ పోవు, ముందు మీ నాన్నగారి ప్రశ్న సంగతి చూద్దాం.

పిల్లలకోడి ఈ నెలలో మీ ఊళ్లో ఉన్నా కనపడదు. ఆయనకు కార్తెలు తెలుసు కదా. మొన్ననే కృత్తిక కార్తె దాటి రోహిణిలో పడ్డాం. కృత్తిక అంటే ఆ పిల్లలకోడే. సూర్యుడు ఆ చుక్కల దిక్కున ఉన్న రోజులనే కృత్తిక కార్తె అన్నారు. అవి సూర్యుడితో పాటు లేచి సూర్యుడితో పాటు మునుగుతుంటే ఇక రాత్రి ఎక్కడ కనపడతాయి? సెప్టెంబర్ చివరికల్లా రాత్రి పది దాటాక తూర్పున ఉంటాయి. బోడుప్పల్ లైట్లలో అప్పుడూ మసకే అనుకోండి. ఇది మీరు చెప్పినట్టు చెప్పకండి, ఒక టీచరమ్మ చెప్పిందనండి. ఒక్క ముక్క అందిస్తే చాలు, కార్తెల లెక్కలో మిగతాది ఆయనే మీకు చెప్తారు.

చంద్రుడి మీది బండి 2023 ఆగస్టు 23న దిగింది. అక్కడ పగలంటే మన లెక్కన పద్నాలుగు రోజులు. ఆ ఒక్క పగలు పనిచేసింది, రాత్రి చలికి నిద్రపుచ్చారు, మళ్లీ లేవలేదు.

ఇక చోట్లు. నౌబత్ పహాడ్ మీద బిర్లా ప్లానెటేరియం ఉంది, 1985లో ఎన్టీఆర్ ప్రారంభించారు. తెలుగు షో ఉంటుంది, కానీ టైము కనుక్కుని వెళ్లాలి. ఒకసారి యాభై మంది పిల్లల్ని ఆర్టీసీ బస్సులో తీసుకెళ్లి, తెలుగు షో దాటిపోయి, అందరికీ హిందీ షో చూపించి తెచ్చిన మొనగత్తెను నేను. అయినా దీపాలు ఆరి, పైన గుండ్రటి కప్పు మాయమై చుక్కలొచ్చినప్పుడు పిల్లలంతా ఒక్కసారి “ఓ...” అన్నారు. దానికి ఏ భాషా అక్కర్లేదు. వెనక్కి వాలే కుర్చీలు కాబట్టి మోకాళ్లకు పని లేదు. గుట్ట మాత్రం ఎక్కాలి, ఆటోను పైదాకా పోనివ్వండి. అక్కడే కోటసారస్ అనే రాక్షసబల్లి అస్థిపంజరం కూడా చూపించండి. మన గోదావరి లోయలో, యామనపల్లి దగ్గర తవ్వితే దొరికిన ఎముకలు అవి.

మీరు ప్రసంగం కోసం వెతుకుతున్నారు. నా మాట విని ఓపెన్ డేకి తీసుకెళ్లండి. మీ ఇంటికి దగ్గర్లోనే, ఉప్పల్ నుంచి తార్నాక వచ్చే దారిలో మూడు పెద్ద లాబ్‌లున్నాయి: భూమి లోపలి సంగతులు చూసే ఎన్‌జీఆర్‌ఐ, జీవకణాలూ జన్యువుల మీద పనిచేసే సీసీఎంబీ, రసాయనాల ఐఐసీటీ. మూడూ కేంద్ర ప్రభుత్వ పరిశోధన మండలి సీఎస్‌ఐఆర్ కిందివే. 1942 సెప్టెంబర్ 26న సీఎస్‌ఐఆర్ పెట్టారు కాబట్టి ఆ రోజుల్లో జనానికి తలుపులు తీయడం ఆనవాయితీ. ఫిబ్రవరి 28 సైన్స్ డేకి కూడా చూడండి. 1928లో అదే రోజున సీవీ రామన్ కాంతి గురించిన ‘రామన్ ఎఫెక్ట్’ కనిపెట్టారు. ప్రసంగమంటే ఒకరు మాట్లాడటం, రెండొందల మంది వినడం. ఓపెన్ డేలో అలా కాదు, ఒక్కో బల్ల దగ్గర ఒక పిల్లాడో పిల్లో నిలబడి ఉంటారు, పక్కన నిలబడి ఎంతసేపైనా అడగొచ్చు. వాళ్లు ఇంగ్లిష్‌లో మొదలుపెడతారు. “తెలుగొచ్చినవాళ్లు ఎవరమ్మా?” అని గట్టిగా అడగండి. ఎవరో ఒకరు వస్తారు. నేనైతే అడగకుండా ఎప్పుడూ ఊరుకోలేదు.

పెద్దాయన్ని అలా తిప్పమని ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. ఇబ్రహీంపట్నం అవతల జాపాల్ రంగాపూర్‌లో ఉస్మానియా వాళ్ల అబ్జర్వేటరీ ఉంది, ఎక్కడెక్కడి సైంటిస్టులో అక్కడికి వచ్చారు. నేనప్పుడు ఇంటర్. మేముండేది హయత్‌నగర్, బస్సెక్కితే గంటన్నర. మా నాన్న కిటికీలకు దుప్పట్లు కట్టి అందరినీ లోపల కూర్చోబెట్టాడు. ఆ గ్రహణంలో నేను చూసింది నీలం గళ్ల దుప్పటి. ఆ కసితోనే ఫిజిక్స్ తీసుకున్నానేమో.

మరిచాను. ఆగస్టు 3 ప్రాంతాన హైదరాబాద్‌లో నీడ లేని రోజు వస్తుంది. మధ్యాహ్నం పన్నెండూ ఇరవై దాటాక సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. మీ టెర్రస్ మీదే ఒక బకెట్ బోర్లించి చూడండి. దానికి ఫారం నింపక్కర్లేదు.

---

బేగంపేట్ బ్యాచిలర్

టీచరమ్మగారూ సూపర్. నాదొక చిన్న ముక్క. దోమ ద్వారా మలేరియా వస్తుందని రుజువు చేసే పనిలో రోనాల్డ్ రాస్ అనే బ్రిటిష్ డాక్టర్‌కు అసలు ఆధారం దొరికింది మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న దోమ పొట్టలో ఆ క్రిమి కనపడింది. 1902లో నోబెల్ వచ్చింది. ఆ భవనం బేగంపేటలో ఇంకా ఉంది. దోమ పుట్టినరోజులా ఆగస్టు 20ని ప్రపంచమంతా జరుపుతుంది. మా రూములో మాత్రం రోజూ జరుగుతుంది.

అంధేరి తెలుగబ్బాయి

ముంబైలో టీఐఎఫ్‌ఆర్ అనే పరిశోధన సంస్థ వాళ్లు 2009 నుంచి ‘ఛాయ్ అండ్ వై’ అని నడుపుతున్నారు. జుహూలో పృథ్వీ థియేటర్ దగ్గర, ఆదివారం పొద్దున. చాయ్ తాగుతూ వినడమే. ముందు వరసలో పిల్లలు, వెనక రిటైరైన అంకుల్స్, ప్రశ్నలు మాత్రం అంకుల్స్‌వే. మన దగ్గర అలాంటి గాలి బంజారాహిల్స్ లామకాన్‌లో కొంత ఉంటుంది. ఆరుబయట, సమోసా, చాయ్. కానీ అక్కడ ఏ రోజు ఏముంటుందో చూసుకుని వెళ్లాలి, కవిత్వం రోజు వెళ్తే మీ నాయిన నన్ను తిడతాడు.

---

పైపెట్ పిల్ల

ఆ మూడు లాబ్‌లలో ఒకదానిలో పీహెచ్‌డీ చేస్తున్నాను, ఏదో చెప్పను. మాది నంద్యాల వైపు.

రవి అన్నా, నేను కూడా ఓపెన్ డే నాడు ఇంగ్లిష్‌లో మొదలుపెట్టే బాపతే. తప్పు ఒప్పుకుంటున్నా. పొగరు కాదు, భయం. ‘జీన్’ అంటే మా అమ్మకు అర్థం కాదు. ‘జన్యువు’ అంటే ఇంకా అర్థం కాదు. మా గైడ్ ముందు తడబడితే పర్లేదు, అమ్మ వయసువాళ్ల ముందు తడబడితే సిగ్గు. అందుకని అందరం పోస్టర్ వైపు తిరిగి చదివేస్తాం.

మీ నాన్నగారిది వరి అన్నారు కాబట్టి చెప్తున్నా, సీసీఎంబీకి తప్పకుండా తీసుకురండి. సాంబ మసూరి, అదే బీపీటీ 5204, బాపట్లలో పుట్టిన రకం కదా. దానికి బ్యాక్టీరియా తెగులు ఒకటి పడితే మందు కొట్టినా లొంగదు. ఆ తెగులును తట్టుకునే మూడు జన్యువులను వేరే వరి నుంచి దీంట్లోకి తెచ్చారు, సీసీఎంబీ, రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ కలిసి. మామూలుగా సంకరం చేసే తెచ్చారు, లాబ్‌లో జన్యువును చొప్పించే జీఎం పద్ధతి కాదు. కాకపోతే ఏ మొక్కలోకి ఆ జన్యువు వచ్చిందో నారుమడిలోనే డీఎన్ఏ చూసి ఏరుకున్నారు. 2008లో విడుదలైంది. ఓపెన్ డేకి మాకొచ్చేవి స్కూల్ బస్సులే. పిల్లలు సెల్ఫీ దిగి వెళ్లిపోతారు. పొలం చేసినవాళ్లు ఎవరూ రారు.

---

బోడుప్పల్ రవి (అక్టోబర్)

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి.

ఆగస్టు 3న బకెట్ బోర్లించి ముగ్గురం నిలబడ్డాం. మబ్బు. నీడ లేని మాట నిజమే, ఎండ కూడా లేదు.

ప్లానెటేరియం చూశాం, తెలుగు షోనే. నాయిన బయటికొచ్చి “మన వాకిట్ల మంచం మీద పండుకున్నట్టే ఉన్నది” అన్నాడు. రాక్షసబల్లి చుట్టూ రెండుసార్లు తిరిగి, “ఇది ఆకులే తినేదట, ఎన్ని ఎకరాలు కావాల్నో” అన్నాడు.

సెప్టెంబర్‌లో ఓపెన్ డే. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి ఎన్‌జీఆర్‌ఐ స్టేషన్‌లో దిగాం. అక్కడ టీచరమ్మ చెప్పినట్టే గట్టిగా అడిగాను, గొంతు వణికింది. వరంగల్ అబ్బాయి ఒకడు వచ్చాడు. మన కింద ఉన్నది గ్రానైట్ అని, దాని వయసు 250 కోట్ల ఏళ్లని, నీళ్లు రాయిలో ఉండవు, పైన చివికి పొడిపొడి అయిన పొరలోనూ పగుళ్లలోనూ ఉంటాయని, లోతుకు పోయినకొద్దీ పగుళ్లు తగ్గిపోతాయని ఒక రాయి ముక్క చేతికిచ్చి చెప్పాడు. నాయిన ఆ రాయిని బరువు చూసినట్టు చూసి, “ఈ ముచ్చట ఆ బోరు బండోడు చెప్పలే” అన్నాడు. మాకు వెయ్యి ఫీట్ల అప్పు రెండు పంటలు తిన్నది.

మధ్యాహ్నం సీసీఎంబీ. వరి బల్ల దగ్గర ఒక అమ్మాయి “బ్యాక్టీరియల్ లీఫ్ బ్లైట్” అని మొదలుపెట్టింది. నాయిన ఫొటోలోని ఆకు మీద వేలు పెట్టి, “కొసల నుంచి ఎండుకుంట వస్తది, ఎండాకు తెగులు బిడ్డా” అన్నాడు. ఆ అమ్మాయి పెన్ను తీసి పోస్టర్ మీదే తెలుగులో రాసుకుంది. తర్వాత ముప్పావుగంట వాళ్లిద్దరూ మాట్లాడుకున్నారు, నేను బల్లకు ఆనుకుని నిలబడ్డాను. పైపెట్ పిల్ల అంటే ఆమేనా అని అడగలేదు.

వచ్చేముందు “ఇంకేమైనా అడుగుతారా తాతా?” అంది. అప్పుడు బయటపడింది, ఆ రోజు లెక్చర్‌లో అడగబోయిన ప్రశ్న. “చుక్కలు పుడతయి, ముసలివైతయి, చస్తయి అని బొమ్మలల్ల చూపిండ్రు. మరి మా పిల్లలకోడి ముసల్దా, పడుచుదా?” ఆమెకు తెలియలేదు, తెలియదనే చెప్పింది. నాయినకు ఆ మాట నచ్చింది.

పెత్రమాసకు ఊరికి పోయినప్పుడు రాత్రి పదకొండుకు నన్ను లేపి మరీ చూపించాడు. ఆరు చుక్కలు నేనూ లెక్కపెట్టాను. టీచరమ్మగారూ, ముసల్దా పడుచుదా?

రామంతాపూర్ టీచరమ్మ

పడుచుదే! సూర్యుడికి 460 కోట్ల ఏళ్లు. పిల్లలకోడికి పది కోట్లు, కాస్త అటూ ఇటూ. మీరు చూసొచ్చిన కోటసారస్ అంతకంటే ముందుది. అది యామనపల్లి దిక్కున మేస్తున్నప్పుడు పైన పిల్లలకోడి ఇంకా పుట్టనే లేదు.

బోడుప్పల్ రవి

చెప్పాను. చాలాసేపు పైకి చూస్తూ కూర్చున్నాడు. తర్వాత, “మరి అప్పుడు కృత్తిక కార్తెను ఏమనేటోళ్లు?” అన్నాడు.