కొత్త డిస్కు అమర్చగానే ఎస్‌డీఏ2 కాస్తా ఎస్‌డీబీ2 అయింది: ఈ పేర్లను ఎంతవరకు నమ్మవచ్చు?

గోదారిగట్టు: నమస్కారం. విండోస్, ఉబుంటు రెండూ ఉన్న నా డెస్క్‌టాప్‌లో మరో సాటా డిస్కు అమర్చాను. అప్పటివరకు ఉబుంటులో ఎస్‌డీఏ2గా కనిపించిన డేటా పార్టిషన్ (డిస్కులో విడగొట్టిన భాగం) ఇప్పుడు ఎస్‌డీబీ2గా కనిపిస్తోంది. విండోస్‌లో మాత్రం అది ఎప్పటిలాగే డీ డ్రైవ్. ఈ తేడా ఎందుకో తెలిసినవారు వివరించగలరు.

కెర్నల్‌కబుర్లు: ఎస్‌డీ తర్వాతి ఏ, బీ అక్షరాలు కెర్నల్ (ఉబుంటు కేంద్ర భాగం) డిస్కులను గుర్తించిన వరుసను మాత్రమే చెబుతాయి కాబట్టి, ఆ వరుస మారితే పేరూ మారుతుంది. చివరి అంకె పార్టిషన్‌ది. డిస్కు విభజనను నమోదు చేసే పాత ఎంబీఆర్ పద్ధతిలో పార్టిషన్ల పట్టికకు ఉన్న చోటు 64 బైట్లే, ఒక్కో నమోదుకు 16 బైట్లు, అంటే నాలుగే నమోదులు. అందుకే 1 నుంచి 4 వరకు అంకెలు ప్రైమరీ, ఎక్స్‌టెండెడ్ పార్టిషన్లకే పోతాయి, ఎక్స్‌టెండెడ్ లోపల ఉండే లాజికల్ పార్టిషన్ల లెక్క 5తో మొదలవుతుంది. డిస్కులో మూడే పార్టిషన్లున్నా ఎస్‌డీఏ5 కనిపించడానికి కారణం ఇదే. కొత్త పద్ధతి అయిన జీపీటీలో ఈ చిక్కు లేదు, మామూలుగా 128 నమోదులకు చోటుంటుంది.

పాతసర్వర్: విండోస్ సంగతి వేరు. ఎంబీఆర్ డిస్కయితే దాని గుర్తింపు సంఖ్య అయిన సిగ్నేచర్‌నూ పార్టిషన్ మొదలయ్యే చోటునూ, జీపీటీ అయితే పార్టిషన్ ప్రత్యేక గుర్తింపు సంఖ్య అయిన జీయూఐడీనీ, తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో రాసుకుని, వాటికి డ్రైవ్ అక్షరాన్ని ముడిపెడుతుంది. కేబుల్ ఏ పోర్టుకు మార్చినా మీ డీ డ్రైవ్ డీగానే ఉంటుంది. అయితే ఆ జ్ఞాపకం ఆ విండోస్‌కే పరిమితం. అదే డిస్కును మరో కంప్యూటర్‌కు తగిలిస్తే ఇంకో అక్షరం రావచ్చు.

కెర్నల్‌కబుర్లు: గోదారిగట్టు గారూ, బూట్ అయ్యేటప్పుడు ఏ పార్టిషన్‌ను ఎక్కడ మౌంట్ చేయాలో (ఏ ఫోల్డరుగా తెరవాలో) చెప్పే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్లో ఎస్‌డీఏ2 అని రాసి ఉంటే వెంటనే మార్చండి. బీఎల్‌కేఐడీ కమాండ్ ఇస్తే ప్రతి పార్టిషన్ యూయూఐడీ (ప్రత్యేక గుర్తింపు సంఖ్య) కనిపిస్తుంది. ఆ ఫైల్లో మీ పార్టిషన్ ఉన్న వరుసలో మొదట పరికరం పేరుకు బదులు దాన్ని రాయాలి. తరచూ తీసిపెట్టే డిస్కయితే నోఫెయిల్ అనే ఆప్షన్ కూడా చేర్చండి, లేకపోతే డిస్కు లేనప్పుడు బూటింగ్ మధ్యలో ఆగి ఎమర్జెన్సీ మోడ్‌లోకి వెళ్లవచ్చు.

గోదారిగట్టు: మార్చాను, రీస్టార్ట్ చేశాక డేటా పార్టిషన్ సరిగానే మౌంట్ అయింది. ధన్యవాదాలు. పార్టిషన్‌ను మళ్లీ ఫార్మాట్ చేస్తే ఇదే యూయూఐడీ ఉంటుందా?

పాతసర్వర్: ఉండదు. యూయూఐడీ ఫైల్‌సిస్టమ్‌కు చెందింది, ఫార్మాట్ చేస్తే కొత్తది వస్తుంది. పార్ట్‌యూయూఐడీ మాత్రం పార్టిషన్ పట్టికకు చెందింది కాబట్టి మారదు. ఇంకొక జాగ్రత్త: డీడీ కమాండ్‌తో డిస్కు మొత్తాన్ని కాపీ చేస్తే రెండింటికీ ఒకే యూయూఐడీ ఉంటుంది. ఆ రెంటినీ ఒకేసారి తగిలించి బూట్ చేయవద్దు, ఏది మౌంట్ అవుతుందో చెప్పలేం.