వాన ఆగాక వరద హెచ్చరిక వచ్చింది. సెల్లార్‌లోంచి కారు తెచ్చుకోవచ్చా?

ప్రశ్న:
నదికి దగ్గర్లోనే మా అపార్ట్‌మెంట్. మేముండేది మూడో అంతస్తు. నిన్న రాత్రి నుంచి చినుకు లేదు, పైగా ఎండ. అయినా మధ్యాహ్నం నగరపాలక సంస్థ నుంచి మెసేజ్ వచ్చింది: నది ఇంకా పెరుగుతుంది, ఒడ్డుకు వెళ్లొద్దు, సెల్లార్లలోకి దిగొద్దు, చెప్పగానే బయల్దేరేలా సిద్ధంగా ఉండండి. మా కారు సెల్లార్‌లోనే ఉంది. ర్యాంప్ దగ్గర తడి తప్ప నీళ్లేమీ లేవు. ఐదు నిమిషాల పని, తెచ్చేస్తానంటున్నారు మావారు. నాకేమో టెన్షన్. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు, మెట్లు దిగలేరు. ఇంత ఎత్తులో ఉన్నవాళ్లం అసలు వెళ్లాలా? అయినా వాన ఆగాక నది పెరగడమేంటి?

జవాబు:
నేను నది నీటిమట్టం కొలిచే గేజీ రీడింగులు చూసే ఉద్యోగం చేసి రిటైరయ్యానమ్మా. మీ ఊళ్లో వాన ఆగడానికీ మీ ఊళ్లో నది తగ్గడానికీ సంబంధం లేదు. మీ దగ్గరికి వచ్చేది ఎగువన ఎప్పుడో పడ్డ వాన. వాగులన్నీ కలిసి, పైన డ్యాముల నుంచి వదిలింది కూడా చేరి కిందికి రావడానికి చిన్న నదైతే గంటలు, పెద్ద నదైతే రోజులు పడుతుంది. ఆకాశం వైపు కాదు, గేజీ వైపు చూడండి. మట్టం ఎంతుందో ఒక్కటే కాదు, గంటకు ఎంత పెరుగుతోందో కూడా చూడాలి.

ఇక కారు. వద్దమ్మా. నది గట్టు దాటకపోయినా సెల్లార్ మునుగుతుంది. నది మట్టం పెరిగితే డ్రైన్ల నీళ్లు నదిలోకి పోలేవు, ఒక్కోసారి వెనక్కి తంతాయి. రోడ్డు పొడిగా ఉన్నప్పుడే సెల్లార్‌లో నీళ్లు నిండిపోవచ్చు. అర మీటరు నీళ్లు తలుపుకి అవతల నిలిస్తే మామూలు తలుపు మీద పడే ఒత్తిడి వంద కిలోలు దాటుతుంది. లోపల్నుంచి తోసి చూడండి, ఎంత బలవంతుడికైనా కష్టం. 2022 సెప్టెంబరులో దక్షిణ కొరియాలోని పోహాంగ్‌లో పక్కనున్న వాగు పొంగి, కార్లు తీసుకుందామని అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దిగినవాళ్లలో ఏడుగురు చనిపోయారు. వాళ్లూ ఐదు నిమిషాల పనే అనుకుని ఉంటారు. ఆ మెసేజ్ రాసినవాళ్లు ‘దిగొద్దు’ అని ఊరుకోకుండా ఎందుకో ఒక్క వాక్యం చేర్చి ఉంటే, మీ ఇంట్లో ఈ వాదనే ఉండేది కాదు.

మూడో అంతస్తుకి నీళ్లు రావు, నిజమే. కానీ కరెంటు పోతుంది, దాంతో లిఫ్టూ మోటారూ ఆగుతాయి. డ్రైనేజీ నిండితే బాత్రూములు పనిచేయవు. అప్పుడు అత్తగారికి ఒంట్లో బాగోకపోతే అంబులెన్స్ మీ గేటు దాకా రాలేదు. మోకాళ్ల నొప్పులున్న మనిషిని చీకట్లో మెట్ల మీద మోసుకుని దించడం ఎంత అవస్థో ఊహించుకోండి. లిఫ్టు పనిచేస్తుండగా, వెలుతురుండగా ఆవిణ్ని బంధువుల ఇంటికి పంపేయండి. మీరు తర్వాతైనా వెళ్లొచ్చు.

మరో జవాబు:
ఎలక్ట్రీషియన్ని. పెద్దాయన చెప్పనివి రెండు మూడు చెప్తా. అందరూ దిగాక లిఫ్టుని పై అంతస్తుకి పంపి ఆపేయమని వాచ్‌మన్‌కి చెప్పండి. ఇల్లు వదిలేటప్పుడు మెయిన్ ఆపండి, గ్యాస్ సిలిండర్ ఆఫ్ చేయండి. మెయిన్ బోర్డు కిందుండి అక్కడ నీళ్లు నిలిస్తే మాత్రం నీళ్లలో నిలబడి ముట్టుకోవద్దు, కరెంటు ఆఫీసుకి ఫోన్ చేయండి. నీళ్లు తీసేశాక కూడా తడిసిన బోర్డుని ఎవరైనా చూసేదాకా ఆన్ చేయకండి. జనరేటర్ బాల్కనీలో పెట్టేవాళ్లని చూశాను. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు గానీ ప్రాణం తీస్తుంది.

ఇంకో జవాబు:
ఊరికే భయపెడుతున్నారు. ఇలాంటి మెసేజ్‌లు చాలా వచ్చాయి, మా వీధిలోకి చుక్క రాలేదు. మోకాలి లోతు నీళ్లలో ఎన్నిసార్లు నడిచి పోలేదు!

గేజీ ఉద్యోగి:
నిలిచిన నీళ్లు వేరు బాబూ, పారే నీళ్లు వేరు. పారే నీళ్లు జోరుగా ఉంటే 15 సెంటీమీటర్ల లోతు చాలు ఎదిగిన మనిషిని పడేయడానికి. 30 సెంటీమీటర్లకి చిన్న కార్లు తేలిపోవచ్చు, 60కి చాలా బళ్లు కొట్టుకుపోతాయి. బురద నీళ్ల కింద మూత లేచిపోయిన మ్యాన్‌హోల్ కనబడదు. మీ వీధిలోకి రాలేదంటే అంచనా తప్పిందని కాదు, ఆ రోజు కొంచెం కింద ఆగిందని. హెచ్చరిక ముందుగా ఇస్తేనే కదా జనం కదలగలిగేది.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండి. పోహాంగ్ సంగతి చదివి వినిపించాక మావారు కారు తాళం టేబుల్ మీద పెట్టేశారు. అత్తగారిని సాయంత్రం లోపు మా ఆడపడుచు ఇంటికి పంపుతున్నాం. ఆవిడ మందులు ఎన్ని రోజులకు సరిపడా పెట్టాలి?

గేజీ ఉద్యోగి:
కనీసం వారానికి. డాక్టరు చీటీ కూడా పెట్టండి, నీళ్లు తగలకుండా ప్లాస్టిక్ కవర్లో. తిరిగొచ్చాక కొళాయి నీళ్లు బాగున్నాయని చెప్పేదాకా బాగా మరగబెట్టుకునే తాగండి.