వెట్ మిక్స్ మాయిశ్చర్: రెండు ల్యాబులు, రెండు అంకెలు

తట్టమట్టి: డబ్ల్యూఎంఎం (వెట్ మిక్స్ మెకాడం, అంటే రోడ్డు పొరకి వేసే కంకర, డస్ట్, నీళ్ల మిక్స్) కుప్పలో నాలుగు సాంపిళ్లు దగ్గరుండి తీయించి, ఒక్కోదాన్ని సగం చేసి మా ల్యాబుకీ, పని తనిఖీ చేసేవాళ్ల ల్యాబుకీ పంపా. ప్రతిదాంట్లోనూ వాళ్లది తక్కువే. మొదటిదాంట్లో మాయిశ్చర్ మాకు 6.4 శాతం, వాళ్లకి 6.0. ఆ కాస్త తేడాకే లేయర్ ఆపేశారు. ఎవరిది కరెక్టో ఎలా తేల్చాలి?

రోలర్‌రాజు: సగం దేంతో చేశారు, పారతోనేనా? రాళ్లు ఒకవైపు డస్ట్ ఒకవైపు పోతాయి, తడంతా డస్ట్‌లోనే ఉంటుంది. రిఫుల్ బాక్స్ (సాంపిల్‌ని సమంగా రెండుగా పంచే పెట్టె) లేకపోతే కనీసం నాలుగు భాగాలు చేసి ఎదురెదురువి కలపండి. చెప్పీ చెప్పీ నోరు నొప్పెడుతోంది.

ఓవెన్‌పిచ్చి: వేడి ట్రే అలాగే త్రాసు మీద పెడుతున్నారేమో చూడండి. వేడికి గాలి పైకి లేచి బరువు తక్కువ చూపిస్తుంది, నీళ్లు ఎక్కువ ఉన్నట్టు లెక్క తేలుతుంది.

పాతకాపు: ముప్పై ఏళ్లుగా వేడిగానే తూస్తున్నా, ఒక్క రోడ్డూ కుంగలేదు. 2 కిలోల ట్రేలో ఒక గ్రాము తేడా వస్తే 0.05 శాతం, దానికింత రాద్ధాంతమా?

ఓవెన్‌పిచ్చి: 30 గ్రాముల మట్టి సాంపిల్ డబ్బా కూడా అలాగే తూస్తారుగా? అక్కడ 0.1 గ్రాము పోతే 0.3 శాతం మాస్టారూ.

పాతకాపు: డబ్బా సంగతి ఎవరడిగారయ్యా? ఓవెన్ లేని సైట్లో వేడి ఇసుక మీద ఆరబెట్టి లేయర్లు వేయించినవాణ్ణి, నాకా చెప్తావు!

ఓవెన్‌పిచ్చి: అదే మీ జబ్బు. ఇసుక మీద వేడెంతో ఎవరికి తెలుసు, 105 నుంచి 110 డిగ్రీలు అని ఊరికే పెట్టారా?

జిప్సంబాధితుడు: మా మెటీరియల్‌లో జిప్సం ఉంది, 110 లో పెడితే రాయిలోపలి నీళ్లు కూడా పోయి మాయిశ్చర్ ఎక్కువొచ్చింది, ఓవెన్ 60 కి తగ్గించాకే దారికొచ్చింది. మీ తగాదా అయ్యాక ఇది కూడా చూడండి.

లెక్కలపిల్ల: 6.0 ఓవెన్‌దా, కార్బైడ్ మీటర్‌దా (కార్బైడ్ పొడి కలిపి, వచ్చే గ్యాస్ ఒత్తిడితో తడి కొలిచేది)? ఆ మీటర్ తడి బరువు మీద శాతం చూపిస్తుంది, మనం లెక్కేయాల్సింది ఎండిన బరువు మీద. 6 ని 94 తో భాగించి వందతో గుణించండి, 6.4 వస్తుంది.

పాతకాపు: రాళ్లున్న మెటీరియల్‌కి కార్బైడా! అందులో పట్టేది నాలుగు చెంచాల డస్టే.

తట్టమట్టి: ఓవెనే అన్నారు. లెక్కలపిల్ల గారి మాట విని షీట్ అడిగా. తడి బరువు 2000, ఎండాక 1880, పోయిన 120 ని 2000 తో భాగించారు! సరిచేస్తే మూడు సాంపిళ్లు కలిశాయి. నాలుగోది మాత్రం మాకు 7.1, వాళ్లకి సరిచేశాక కూడా 5.8.

రోలర్‌రాజు: ఇంతకీ సగం చేసింది పారతోనేనా?

తట్టమట్టి: ...ఆ నాలుగోది పారతోనే.